ఆరు గంటల గడువు, అర్ధరాత్రి ఫోను

మా ఆఫీసులో మళ్ళీ ఎక్సెల్ షీట్ల జాతర మొదలైంది. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లోనే వచ్చినా దాని నియమాలు 2025 నవంబర్‌లో గానీ వెలువడలేదు. అసలు బాధ్యతలకి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. జనాల వివరాలు మన దగ్గర్నుంచి బయటికి పొక్కితే వెంటనే వాళ్ళకీ, బోర్డుకీ చెప్పాలి. 72 గంటల్లో బోర్డుకి పూర్తి వివరాలివ్వాలి. లాగ్స్ ఏడాది పాటు దాచాలి. సరైన భద్రత లేదని తేలితే జరిమానా 250 కోట్ల దాకా! ఆ అంకె వినగానే మావాళ్ళు ఒక కన్సల్టెంటుని పిలిపించారు. ఆయన పేజీలకి పేజీలు ప్రశ్నలిచ్చి వెళ్ళాడు. అన్నీ యంత్రాల గురించే, మనుషుల గురించి ఒక్కటి లేదు.

2022లోనూ ఇదే తంతు. ఆ ఏడు ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ వాళ్ళు కొన్ని ఆదేశాలిచ్చారు. సైబర్ దాడి లాంటిది కంటబడితే ఆరు గంటల్లో తమకి చెప్పాలి, లాగ్స్ 180 రోజులు ఉంచాలి, గడియారాలన్నీ ఎన్ఐసీ గానీ ఎన్‌పీఎల్ గానీ ఇచ్చే సమయంతో కలిసి నడవాలి. మాది చిన్న కంపెనీ కాబట్టి సెప్టెంబర్ 25 వరకూ గడువు దొరికింది. ఉద్యోగంలో నాకది మూడో ఏడు. కుర్రాడు ఖాళీగా ఉన్నాడనుకున్నారో ఏమో, ఈ పని నా నెత్తిన పెట్టారు.

గడియారాలు సరిచెయ్యడం తేలికే. కానీ సరిచెయ్యబోయే ముందు చూస్తే నవ్వొచ్చింది. ఫైర్‌వాల్ ఏడు నిమిషాలు ముందుంది, పాత డేటాబేస్ సర్వరు నాలుగు నిమిషాలు వెనకుంది. దొంగ గుమ్మం దాటకముందే బీరువా తెరిచాడని సాక్ష్యం చెబుతాయన్నమాట ఇవి! కలిపి చదివితే ఏది ముందో ఏది వెనకో ఎవడికీ అర్థం కాదు. ఆ నిబంధన ఎందుకు పెట్టారో నాకప్పుడు బోధపడింది.

తర్వాత లాగ్స్. (లాగులు అంటే మా అమ్మ వేరే అనుకుంటుంది లెండి.) ముప్ఫై రోజులకోసారి చెరిపేసేవాళ్ళం. 180 రోజులంటే ఆరింతలు. "అంత చెత్త దాచుకుని ఏం చేస్తాం?" అన్నారు మా మేనేజరు గారు. లోపలికొచ్చినవాడు వచ్చినరోజే అల్లరి చెయ్యడు సార్, నెలల తరబడి చప్పుడు చెయ్యకుండా కూర్చుంటాడు, మనం మేలుకునేసరికి వాడు అడుగుపెట్టిన రోజు లాగే ఉండదు, అని చెప్పాను. పాతవి కుదించి చవక డిస్కులో పడేస్తే ఖర్చు పెద్దగా పెరగలేదు.

ఇంతవరకూ డబ్బుతోనో, ఓపికతోనో అయిపోయే పనులు. అసలు చిక్కంతా ఆ ఆరు గంటల దగ్గరే వచ్చింది. ఆ లెక్క మేనేజరు గారికి తెలిసినప్పట్నుంచి కాదు, సంగతి మన కంటబడినప్పట్నుంచి. రాత్రి షిఫ్టులో ఆ కళ్ళు ఎవరివి? ఏడాది క్రితం చేరిన ఇరవై రెండేళ్ళ కుర్రాడివి.

అందుకే ఒక పరీక్ష పెట్టాం. ఒంటిగంటకి ఎవరో అడ్మిన్ ఖాతాలోకి దూరినట్టు ఉత్తుత్తి అలర్టు పంపాం. ఆ అబ్బాయి ఒంటిగంటా పదికల్లా చూశాడు, చక్కగా రాసుకున్నాడు కూడా. ఫోన్ మాత్రం ఉదయం ఎనిమిదిన్నరకి చేశాడు. అంటే గడువు దాటిపోయిన గంటా ఇరవై నిమిషాలకి.

మీటింగులో ఆ అబ్బాయికి మెమో ఇద్దామన్నారు. బయటికి తీసుకెళ్ళి అడిగితే చెప్పాడు. "అన్నా, పోయిన్నెల్లో ఇంకొకతను రాత్రి రెండింటికి లేపితే అది ఉత్తి అలర్టని తేలింది. పొద్దున్న అందరి ముందూ అతన్ని తిట్టారు. నాకింకా ప్రొబేషన్ అన్నా.."

లోపలికెళ్ళి అదే మాట చెప్పాను. మెమో ఇస్తే, ఈసారి నిజంగా జరిగినప్పుడు అలర్టు చూడనే లేదంటాడు, అప్పుడు మన దగ్గర ఆ ఒంటిగంటా పది కూడా ఉండదు, అన్నాను. గది కాసేపు నిశ్శబ్దంగా ఉంది. మేనేజరు గారి మొహం ఎర్రబడింది, ఏమాటకామాట, తిట్టింది ఆయనే మరి. కానీ మెమో ఆగింది.

ఆ తర్వాత మేం చేసినవి మూడే. రాత్రి లేపాల్సిన ఇద్దరి పేర్లు, నంబర్లు గోడకి అంటించాం. ఉత్తిదని తేలినా లేపినవాణ్ణి ఏమీ అనకూడదని ఎండీ గారి సంతకంతో కాగితం తెచ్చాం. తెలిసినంత ముందు చెప్పెయ్యొచ్చు, మిగతాది తర్వాత పంపొచ్చు అని అందరికీ చెప్పాం. సెర్ట్-ఇన్ వాళ్ళ వివరణలో ఉన్నదీ అదే. మనవాళ్ళే పూర్తిగా తేలాక చెబుదామని గడువంతా తినేస్తారు. మళ్ళీ పరీక్ష పెడితే పన్నెండు నిమిషాల్లో ఫోనొచ్చింది.

అదే ఏడు నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్ దెబ్బకి ఆగిపోయాయి. అంత పెద్ద ఆస్పత్రిలో ఓపీ చీటీల దగ్గర్నుంచీ రోజుల తరబడి చేత్తో రాసుకున్నారు. అలాంటిది వింటే, ఈ చట్టాలు మనల్ని వేధించడానికే వచ్చాయని అనబుద్ధి కాదు. సర్వరు వెనకాల ఎవరో ఒక రోగి చీటీ ఉంటుంది.

అంచేత ఇప్పుడు కొత్త నియమాలకి సిద్ధమవుతున్న మిత్రులకి ఒకటే మాట. 72 గంటలు చాలా ఎక్కువలా కనిపిస్తాయి గానీ, భయపడేవాడి చేతిలో అవి ఇట్టే కరిగిపోతాయి. సాఫ్ట్‌వేర్లు ఎలాగూ కొంటారు. మీ ఆఫీసులో అందరికన్నా జీతం తక్కువ కుర్రాడు అర్ధరాత్రి మీకు ఫోన్ చెయ్యగలడా? ముందది తేల్చుకోండి.