కంచె అవతలి సముద్రం

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి హైవే 1 మీద ఉత్తరంగా వెళ్తుంటే, జెన్నర్ దాటాక ఫోన్‌లో సిగ్నల్ పోయింది. ఆఫీసు మెసేజులు రావన్న సంతోషం నాది. ఎడమవైపు పసిఫిక్, కుడివైపు కొండలు.

స్టీవర్ట్స్ పాయింట్ దగ్గర కారు ఆపాం. కంచె అవతల గడ్డి మైదానం, దాని చివర సముద్రం. దూకి ఒక్క రీల్ తీసుకుందామనుకున్నా. రూమ్మేట్ చెయ్యి పట్టుకున్నాడు. "ఆగరా, అది కషాయా వాళ్ల స్థలం."

కషాయా పోమో తెగ వాళ్లు తరతరాలుగా ఈ తీరం వాళ్లే. నాచు, ఆల్చిప్పలు, ఉప్పు అన్నీ ఇక్కడివే. 1812లో రష్యన్లు వచ్చి ఫోర్ట్ రాస్ కట్టారు. తర్వాత తీరమంతా పశువుల రాంచ్‌ల పాలైంది. తెగకు మిగిలింది కొండ మీద, సముద్రానికి కొన్ని మైళ్ల లోపల 40 ఎకరాలు. బాపట్లవాణ్ని నేను. సూర్యలంక బీచ్‌కి వెళ్లడానికి ఏనాడూ ఎవర్నీ అడగలేదు. వీళ్లు మాత్రం తమ సముద్రం దగ్గరికి వెళ్లాలంటే వేరేవాళ్ల భూమి దాటాలి.

2015లో లెక్క మారింది. భూముల్ని కొని కాపాడే 'ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్' సంస్థ నిధులు కూడగట్టి, రాంచ్ యజమానుల నుంచి 688 ఎకరాలు తెగ చేతికి వచ్చేలా చేసింది. సుమారు మైలు పొడవున తీరం, రెడ్‌వుడ్ చెట్లు, వాగులు అందులోనే ఉన్నాయి. భూమి తెగదే. కానీ అక్కడ రిసార్టులు, వెంచర్లు లేవకుండా సొనోమా కౌంటీతో ఒప్పందం ఉంది. తీరం వెంట జనం నడిచే బాటకూ చోటు వదిలారు.

"వాళ్ల భూమి వాళ్లకిస్తూ మళ్లీ షరతులా?" అన్నాను.

"కొన్నదాంట్లో జనం డబ్బు కూడా ఉంది కదా. పైగా రేపు ఎవరొచ్చినా దీన్ని ప్లాట్లు చెయ్యలేరు" అన్నాడు వాడు. నాకు పూర్తిగా మింగుడుపడలేదు. కొట్టిపారేయలేకపోయాను కూడా.

అయితే కాగితం నీళ్లదాకా రాదు. 2014 నుంచి సముద్రం వేడెక్కి, ఊదారంగు అర్చిన్లు పెరిగిపోయి, ఈ తీరంలో కెల్ప్ అనే నాచు అడవి 90 శాతానికి పైగా పోయింది. దాన్ని తిని బతికే అబలోన్ అనే పెద్ద నత్త తగ్గిపోయి, 2018లో సరదా వేట ఆపేశారు. తీరం చేతికొచ్చింది, తీరం పెట్టే తిండి మాత్రం కరువైంది.

కంచె దూకలేదు. వెనక్కి వచ్చి, అందరికీ తెరిచి ఉన్న సాల్ట్ పాయింట్ పార్కులో అదే సముద్రం ముందు కూర్చున్నాం. మీరూ అక్కడే ఆగండి. వ్యూ ఏమీ తగ్గదు!