కుదుపుకు, కుదురుకు మధ్య
హౌరా పక్కనే ఉన్న లిలువాలో రైలు పెట్టెల కింది స్ప్రింగులను విప్పి, తూచి, మళ్లీ బిగిస్తారు. చక్రాల మీద ఇల్లు కట్టుకోవాలనుకునే వారికి ఆ ఊరు చెప్పే పాఠం ఒకటుంది

సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఒక రోజుకు పైగా ఊగుతూ హౌరాలో దిగిన తెలుగు ప్రయాణికుడికి లిలువా పేరు తెలిసి ఉండకపోవచ్చు. వెళ్లాలంటే మాత్రం పెద్ద దూరమేమీ కాదు. హౌరాలో మెయిన్ లైన్ లోకల్ ఎక్కితే వచ్చే మొదటి స్టేషన్ అదే. దాని తర్వాతది రామకృష్ణ మఠం ఉన్న బేలూరు. హౌరా దాటగానే అటూ ఇటూ యార్డులు, సైడింగులు, పనిలేక నిలబడ్డ రైలు పెట్టెలు. బామన్‌గాచీ షెడ్డు వెనక్కి జారిపోతుంది. జనం దిగేందుకు తలుపుల వైపు జరుగుతుండగానే లిలువా వచ్చేస్తుంది.

చూడదగ్గ స్థలాల జాబితాల్లో ఈ ఊరు కనిపించదు. ఇక్కడున్నది ఒక కర్మాగారం. ఈస్టిండియన్ రైల్వే 1900లో నెలకొల్పిన క్యారేజ్ అండ్ వ్యాగన్ వర్క్‌షాప్ అది. ఇప్పుడు తూర్పు రైల్వే చేతిలో ఉంది. లక్షలాది ప్రయాణికుల నడుము నొప్పితో దీనికి నేరుగా సంబంధం ఉంది.

ముందు ఒక మాట సర్దుకోవాలి. తెలుగువాళ్లు బోగీ అంటే తాము కూర్చునే పెట్టె. రైల్వే వాళ్లకు బోగీ అంటే ఆ పెట్టె కింద ఉండే బండి. రెండు జతల చక్రాలు, ఉక్కు చట్రం, స్ప్రింగులు, బ్రేకులు కలిస్తే ఒక బోగీ. ప్రతి పెట్టె కిందా అలాంటివి రెండు. పెట్టెను పైకి లేపి, ఆ రెండింటినీ బయటికి లాగి, విడివిడిగా ఊడదీసి, అరిగినవి మార్చి మళ్లీ కూర్చోబెట్టడం లిలువా నిత్యకృత్యం. ఐసీఎఫ్ రకం పెట్టెలకు సాధారణంగా 18 నెలలకోసారి ఈ సంస్కారం జరగాలి.

హౌరాకు పెట్టెల పని అబ్బడం వెనుక ఒక ఓడ ప్రమాదం ఉంది. 1854లో తూర్పు భారతంలో మొదటి రైలు నడపడానికి ఇంగ్లండ్ నుంచి పెట్టెలు తెస్తున్న గుడ్విన్ అనే ఓడ హుగ్లీ నది ముఖద్వారం దగ్గర మునిగిపోయింది. ఇంజిన్ ఉన్న ఓడ దారి తప్పి ఆస్ట్రేలియా చేరింది. ఇక చేసేది లేక కంపెనీ ఇంజినీర్ జాన్ హాడ్జ్‌సన్ కలకత్తాలోనే పెట్టెలు తయారు చేయించారు. ఆ ఏడాది ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీకి రైలు బయల్దేరింది. అది మళ్లిన దారి లిలువా మీదుగానే.

సగం శతాబ్దం తర్వాత అదే కంపెనీ లిలువాలో రాజకుటుంబానికే ఒక రైలు కట్టింది. 1905-06లో భారత పర్యటనకు వచ్చిన వేల్స్ యువరాజు దంపతుల కోసం దాన్ని సిద్ధం చేశారు. ఆ యువరాజే తర్వాత ఐదో జార్జి చక్రవర్తి. నేటి మాటలో చెప్పాలంటే అది పట్టాల మీది మోటార్‌హోమ్. అందులో మోయాల్సిన మనుషులెందరో, సామానెంతో ముందే తెలుసు. మెత్తగా నడిచే బండి కట్టడానికి అంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు.

ఆ సౌఖ్యాన్ని తయారు చేసిన చేతులకు మాత్రం అది అందలేదు. 1928లో లిలువా కార్మికులు వేతనాల కోసం, తొలగించిన సహచరుల కోసం నెలల తరబడి పోరాడారు. ఆ మార్చిలో బామన్‌గాచీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పక్కనున్న బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కార్మికులను కూడగడుతున్న నాయకుడు మన వరాహగిరి వెంకటగిరి. తర్వాతి కాలంలో ఆయన రాష్ట్రపతి అయ్యారు.

మోటార్‌హోమ్ అన్న మాట తెలుగువాళ్లకు కొత్తగా ఉండొచ్చు కానీ ఆ వస్తువు కొత్త కాదు. 1982లో ఎన్టీ రామారావు ఎక్కిన చైతన్యరథం పాత షెవ్రొలే వ్యానే. కుమారుడు హరికృష్ణ నడుపుతుండగా ఆ బండే ఆయనకు వేదిక, విశ్రాంతి గది, కొన్ని నెలల పాటు ఇల్లు. ఇవాళ సొంతంగా వ్యానులో మంచం, వంటగట్టు, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు అమర్చుకుని తిరిగేవారు పెరుగుతున్నారు. వాళ్లలో చాలామంది పరదాల రంగు గురించి ఆలోచించినంతగా కింది కమాను పట్టీల గురించి ఆలోచించరు. మొదటి ఘాట్ రోడ్డు మలుపులో బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు గానీ ఆ సంగతి గుర్తుకు రాదు.

సామాను వ్యాను ఎప్పుడూ నిండుగా ఉండదు. ఇల్లుగా మారిన వ్యాను ఎప్పుడూ నిండే ఉంటుంది. దాని బరువు పైకి జరుగుతుంది, ఒక వైపు ఎక్కువవుతుంది. ట్యాంకులో నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి. అప్పుడు షాక్అబ్సార్బర్లు మార్చితే సరిపోతుందనుకోవడం, గట్టి స్ప్రింగులు వేస్తే చాలనుకోవడం రెండూ పొరపాట్లే. స్ప్రింగు బరువును మోస్తుంది, కుదుపును దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. అలా తిరిగి వచ్చేదాన్ని అణచడం షాక్అబ్సార్బర్ వంతు. మలుపులో ఒరగకుండా పట్టుకునేది అడ్డంగా బిగించే యాంటీరోల్ బార్. మొదట చేయాల్సింది మాత్రం వేరే ఉంది. నీళ్లు, సామాను, మనుషులతో సహా బండిని వేబ్రిడ్జి మీదికి ఎక్కించి, ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోందో చూడాలి.

రైలు కర్మాగారంలో జరిగేదీ అదే పని. ఐసీఎఫ్ పెట్టె కింద రెండంచెల ఏర్పాటు ఉంటుంది. చక్రాల ఇరుసు దగ్గర మొదటి అంచె స్ప్రింగులు. వాటి లోపల నూనె నింపిన డాష్‌పాట్లు. చక్రం ఎగిరినప్పుడు ఆ నూనె సన్నని రంధ్రాల గుండా దూరాలి. అలా దూరడంలోనే కుదుపు బలం చచ్చిపోతుంది. నూనె కారిపోతే స్ప్రింగు ఒంటరిదై బండి ఎగిరెగిరి పడుతుంది. ఈ రకం బోగీల్లో ఎప్పుడూ ఇబ్బంది పెట్టే జబ్బు ఇదే. రెండో అంచెలో పెట్టె బరువు మోసే పెద్ద స్ప్రింగులు, వాటి పక్కన హైడ్రాలిక్ షాక్అబ్సార్బర్లు.

ఊడదీసిన స్ప్రింగును కడిగి, పగుళ్లున్నాయేమో చూసి, నిర్ణీత బరువు కింద పెట్టి నొక్కుతారు. ఎంత కుంగిందో కొలిచి పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో మూడు వర్గాలుగా విడదీస్తారు. ఒక బోగీలో ఒకే రంగు స్ప్రింగులు పడాలి. పచ్చ పక్కన పసుపు పడితే విడివిడిగా రెండూ మంచివే అయినా పెట్టె ఒక మూలకు వాలుతుంది. వ్యానుకు ఒకవైపే కొత్త స్ప్రింగు వేయించుకునేవారు గుర్తుపెట్టుకోవాల్సిన నియమం ఇది.

ఎంత శ్రద్ధగా బిగించినా పాత బోగీకి హద్దులుంటాయి. స్విట్జర్లాండ్‌లోని ష్లీరెన్ కంపెనీ నమూనాతో 1955లో మద్రాసు పెరంబూరులో ఉత్పత్తి మొదలైన ఆ పెట్టెలు ఆరు దశాబ్దాలకు పైగా దేశాన్ని మోశాయి. 2018 జనవరిలో చివరి పెట్టె బయటికి వచ్చింది. వాటి స్థానంలోకి వచ్చిన ఎల్‌హెచ్‌బీ పెట్టెల మొదటి విడత 2000లో జర్మనీ నుంచి దిగింది. వాటి కింద ఉండే ఫియట్ రకం బోగీలో డాష్‌పాట్ల బెడద లేదు. ఒరగకుండా యాంటీరోల్ బార్, వేగంలో బోగీ పాములా మెలికలు తిరగకుండా యా డ్యాంపర్లు ఉన్నాయి. అయినా మొదట్లో ఎల్‌హెచ్‌బీ ప్రయాణికులు కొత్తరకం ఫిర్యాదు చేశారు. కింది నుంచి కుదుపు తగ్గింది సరే, రైలు ఆగేటప్పుడు, కదిలేటప్పుడు ముందూ వెనుకల జెర్కులేమిటని. లోపం స్ప్రింగులది కాదు, పెట్టెలను కలిపే కప్లర్లది. వాటినీ మార్చాల్సి వచ్చింది. ఒక చోట మెరుగుపరిస్తే మరో చోట దాగి ఉన్న లోటు బయటపడుతుంది.

లిలువా ప్లాట్‌ఫాం మీద ఉదయం పూట నిలబడితే అసలు పరీక్ష కనిపిస్తుంది. హౌరా వైపు వెళ్లే లోకల్ అప్పటికే కిక్కిరిసి ఉంటుంది. అయినా మరికొంత మంది ఎక్కుతారు. హౌరాలో అందరూ దిగిపోతే అదే పెట్టె తేలికవుతుంది. ఒకే స్ప్రింగు ఈ రెండు బరువులకూ ఎలా సరిపోతుంది? ఖాళీ పెట్టెకు మెత్తగా ఉన్నది నిండు పెట్టెకు పూర్తిగా కుంగిపోతుంది. అందుకే సబర్బన్ రైళ్లలో రెండో అంచెకు గాలి స్ప్రింగులు వచ్చాయి. జనం ఎక్కేకొద్దీ లెవెలింగ్ వాల్వ్ గాలిని లోపలికి వదులుతుంది, దిగేకొద్దీ బయటికి పంపుతుంది. పెట్టె ఎత్తు మారదు. వందేభారత్ రైళ్ల కిందా ఈ ఏర్పాటే ఉంది. బరువు పెరిగిన మోటార్‌హోమ్‌లకు మెకానిక్కులు గాలి బెలోలు వేయమని చెప్పడం వెనకున్న తర్కం కూడా ఇదే.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. మెత్తటి ప్రయాణం ఎవరికి? రాష్ట్రపతి కోసం కట్టిన ప్రత్యేక సెలూన్‌లో 1977లో నీలం సంజీవరెడ్డి ప్రయాణించారు. తర్వాత 2003లో అబ్దుల్ కలాం ఎక్కేదాకా అది ఖాళీగానే ఉండిపోయింది. ఒక్కరి కోసం కట్టిన సౌఖ్యం పావు శతాబ్దం నిద్రపోయిందన్నమాట. ఎల్‌హెచ్‌బీ రైలులో పరిస్థితి వేరు. ఫస్ట్ ఏసీ పెట్టె కిందా, జనరల్ పెట్టె కిందా ఉండేది ఒకే కుటుంబానికి చెందిన బోగీ. సీటు, పరుపు, చల్లదనం టికెట్‌ను బట్టి మారతాయి. చక్రం దగ్గర మాత్రం ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. రాజుగారి రైలు కట్టిన ఊరికి ఇది చిన్న మార్పు కాదు.

అయితే ఆ సమానత్వం జనరల్ పెట్టె తలుపు దగ్గర ఆగిపోతుంది. సుమారు 100 సీట్లున్న పెట్టెలో పండగ వేళ అంతకు ఎన్నో రెట్ల మంది ఎక్కుతారు. వలస కూలీలు మరుగుదొడ్డి పక్కన కూడా కూర్చుంటారు. అంత బరువు కింద ఎంత మంచి స్ప్రింగైనా ఉక్కు ముద్దే. దానికి మందు కర్మాగారంలో దొరకదు. మరిన్ని రైళ్లు, మరిన్ని జనరల్ పెట్టెలే దానికి మందు.

తెలుగు ప్రాంతాల్లో ఇదే పని లాలాగూడలో, తిరుపతిలో జరుగుతుంది. నిజాం కాలపు లాలాగూడ వర్క్‌షాప్ లిలువా కన్నా ఏడేళ్లు పెద్దది. అక్కడైనా, ఇక్కడైనా ప్రయాణికుడికి కనిపించని పని అది. బాగా చేస్తే ఎవరూ గుర్తించరు. సరిగా చేయకపోతే పై బెర్తు మీద నిద్ర పట్టని ముసలాయన దగ్గర్నుంచి అందరికీ తెలిసిపోతుంది.

సాయంత్రం లిలువాలో షిఫ్టు ముగిసిన వాళ్లు టిఫిన్ డబ్బాలతో ప్లాట్‌ఫాం మీదికి చేరుతారు. బేలూరు వైపు వెళ్లే లోకల్ వస్తుంది. అది ఆగుతుంది, ఇంకో వంద మందిని మింగుతుంది. ప్లాట్‌ఫాం అంచుకూ, పెట్టె గడపకూ మధ్య ఎత్తు మాత్రం అంతే ఉంటుంది. అప్పటికి కింద గాలి తన పని చేసేసి ఉంటుంది.