మంచుదేశంలో మన కలువ

ఉత్పలమాలకు గణాలు భ, ర, న, భ, భ, ర, వ అని ముప్పై రెండేళ్ళు పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి. ఉత్పలమంటే కలువ అని చెప్పడం, తామర సూర్యునికి, కలువ చంద్రునికి విచ్చుకుంటాయని కవిసమయం అప్పజెప్పడం పరిపాటి. భీమునిపట్నం పరిసరాల చెరువుల్లో కలువలకు కొదువ లేని రోజులు కనుక పువ్వును చూపించడానికి ఇబ్బంది ఉండేది కాదు. దాని దుంపను గూర్చి మాత్రం నేను శ్రద్ధగా తెలుసుకున్నది అరవై దాటిన తరువాత, అదీ సముద్రాల కవతల మా అమ్మాయి ఇంట్లో.

అమ్మాయీ అల్లుడూ అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉంటారు. పెరట్లో చిన్న కొలను త్రవ్వించి, అక్కడి నర్సరీలో కొన్న ఎఱ్ఱకలువను, నీలికలువను తొట్లలో నాటి అందులో దించారు. 2024 సెప్టెంబరులో నేను వెళ్ళేసరికి రెండూ విరగబూసి ఉన్నాయి. నీలికలువ ప్రొద్దెక్కాక విచ్చి సాయంత్రానికి ముడుచుకొనేది. ఎఱ్ఱకలువ మునిమాపున విచ్చి మరునాటి ఉదయం దాకా నిలిచేది. కవులు కలువలన్నిటినీ చంద్రునికే అప్పగించారు గాని, ప్రకృతి అలా చేయలేదన్నమాట. అమరకోశంలో ఎఱ్ఱకలువకు రక్తసంధ్యకమనే పేరున్నది. సంధ్యవలె ఎఱ్ఱనిదని అర్థం చెప్పుకుంటాము. సంధ్యవేళ విచ్చేదని చెప్పుకున్నా తప్పులేదనిపించింది.

అక్టోబరు చివర ఒక రాత్రి మంచు కురిసింది. తెల్లవారేసరికి ఆకులు నల్లబడి నీటిమీద వాలిపోయాయి. చలిదేశాలకు తగిన కలువజాతులు వేరే ఉన్నాయి. వాటి దుంప, తామరదుంప కూడ, గడ్డకట్టిన మంచుకు అందనంత లోతున బురదలో ఉంటే శీతకాలం గడిపేస్తాయి. మన ఉష్ణదేశపు కలువకు ఆ శక్తి లేదు. అందుకే అక్కడ చాలామంది దానిని పారవేసి ఏటేటా కొత్తది కొంటారు. అల్లుడూ అదే అన్నాడు: "మామయ్యగారూ, వేసవిలో మళ్ళీ తెచ్చుకుందాం లెండి." అమ్మాయి ఒప్పుకోలేదు. "నాన్నగారూ, దీన్ని బ్రతికిద్దాం" అన్నది. నాకూ పని లేదు. ఇద్దరం కూర్చున్నాము.

తొట్టిని పైకి లాగి బురద కడిగితే, మొక్క మొదట్లో, వేళ్ళ నడుమ ఉసిరికాయలంతేసి దుంపలు ఏడు దొరికాయి. అమరుడు ఈ దుంపకు శాలూకమని ప్రత్యేకంగా పేరు పెట్టాడు. పాఠంలో ఆ మాట ఎన్నిసార్లు చెప్పానో! చేతిలోకి తీసుకున్నది అదే మొదటిసారి. వేళ్ళు కత్తిరించి కొన్ని వారాలు నీళ్ళలో ఉంచాము. రెండు మెత్తబడి వాసన వేశాయి, తీసివేశాము. గట్టిగా నిలిచిన ఐదింటిని తడి ఇసుకలో పూడ్చి, డబ్బాకు మూతపెట్టి, నేలమాళిగలో చీకటి మూలన ఉంచాము. అక్కడ పది నుండి పదిహేను డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఫ్రిజ్‌లో పెడితే చలికి చస్తుంది. వంటింట్లో పెడితే అకాలంలో మొలుస్తుంది. నెలకొకసారి ఇసుక ఆరిపోకుండా, దుంప కుళ్ళకుండా చూసుకోవాలి.

1849లో జోసెఫ్ పాక్స్‌టన్ ఇంగ్లండులోని ఛాట్స్‌వర్త్‌లో దక్షిణ అమెరికా విక్టోరియా కలువను గాజుగృహంలో, నీటిని వేడిచేయించి పూయించాడు. ప్రభువుల కొలువు కనుక సాగింది. మన కలువ అంత అడగదు. గుప్పెడు తడి ఇసుక చాలునంటుంది. ఎందుకని ఆలోచిస్తే జవాబు మా ఊళ్ళోనే ఉన్నది. వైశాఖంలో చెరువెండి నేల నెఱ్ఱెలు వారినప్పుడు కలువ ఆకును, వేరును వదులుకొని దుంపగా మిగిలి, ఆ బురద అడుగున నిద్రిస్తుంది. తొలకరి నీరు తగలగానే లేస్తుంది. మన ఎండకు నేర్చుకున్న నిద్రే అక్కడి మంచుకు అక్కరకు వచ్చింది.

మార్చిలో దుంపలను గాజుసీసాలో నీళ్ళుపోసి, దక్షిణపు కిటికీలో వెచ్చగా పెట్టాము. పదిహేను రోజులకు దారంలాంటి మొలక, దాని కొనన గోరంత ఆకు. మనవరాలు బడినుండి రాగానే సీసా దగ్గరికే పరుగు. పిల్లమొక్క వేరు పోసుకున్నాక దుంపనుండి విడదీసి చిన్నకుండీలో నాటాలి. ఆ దుంపే మరొక పిల్లనూ ఇవ్వవచ్చు. కొలనులో దించడం మాత్రం నీరు ఇరవై ఒక్క డిగ్రీలకు వెచ్చబడ్డాకనే. అది జూన్ మాట. నా గడువు ఆరునెలలే కనుక ఆ నెలాఖరున బయలుదేరాను. మళ్ళీ వచ్చి, ఈసారి ఉండిపొమ్మన్నది అమ్మాయి. ఆలోచిస్తానన్నాను. జూలైలో ఎఱ్ఱకలువ ఫోటో పంపింది.

ఇక్కడి సంగతి చెప్పాలి. నేను తిరిగివచ్చేసరికి మా ఇంటికి దగ్గరి చెరువులో సగం కంకరతో పూడ్చి, ప్లాట్లకు రాళ్ళు పాతారు. నీళ్ళు లేని నెలలలో అది చెరువుగా కనబడదు, ఖాళీస్థలంగానే కనబడుతుంది. అడుగున దుంపలు నిద్రిస్తున్నాయని ఎవరికి తడుతుంది? 2018 వరకు కలువ మన రాష్ట్రపుష్పం. ఆ యేడు ఆ గౌరవం మల్లెకిచ్చారు. మల్లెపై నాకు కినుక లేదు. కాని మల్లెకు పెరడు చాలు, కలువకు చెరువు కావాలి. మంచునుండి దాచే ఉపాయం ఉన్నది గాని, కంకరనుండి లేదు.

పార పట్టే మనిషిని తోడు తీసుకొని, పూడని సగంలో మే నెలలో త్రవ్వించాను. మూరెడు లోతున దుంపలు దొరికాయి. నాలుగు సిమెంటు గోలేలలో చెరువుమట్టి పోసి నాటించాను. ఆ వానలకే మూడు పూశాయి. గోలెం చెరువుకు సాటి కాదని నాకు తెలుసు. అయినా చెరువుకు మళ్ళీ నీరు పట్టే రోజు వస్తే విత్తనానికి వెదకనక్కరలేదు. అంతవరకు, దగ్గరి బడులలో ఉత్పలమాల చెప్పే ఉపాధ్యాయులెవరైనా పిల్లలకు చూపడానికి అడిగితే తలా ఒక దుంప ఇస్తాను.