నీళ్ళ గిన్నె

ఇంట్లో ఒక కుక్కపిల్లను పెంచుకోవాలన్నది నా చిన్ననాటి తీరని కోరికల్లో మొదటిది. వడమాలపేటలో మా వీధిలో సగం ఇళ్ళకు కుక్కలుండేవి. మా గేటును మాత్రం ఏ కుక్కా దాటి ఎరుగదు. అమ్మ దాటనిచ్చేది కాదు. కారణమడిగితే "మనకొద్దులే నాయనా" అని మాట తప్పించేది. కొంతకాలానికి నేనూ అడగడం మానేశాను. పెద్దవాళ్ళకు కొన్ని చాదస్తాలుంటాయి గదా అని సరిపెట్టుకున్నాను.

ఆ గేటును మొట్టమొదట దాటిన ఘనత 2024 జూన్ నెలలో ఒక నల్లటి నాటుపిల్లకు దక్కింది. అప్పటికి నాకు నలభై ఏడేళ్ళు. అప్పలాయగుంట దారిలో మా బంధువుల మామిడితోట ఉంది. తోతాపురి కోతలప్పుడు పాపను వెంటబెట్టుకుని వెళ్ళాను. మోటారు షెడ్డు వెనుక ఒక కుక్క ఐదు పిల్లల్ని పెట్టి ఉంది. తిరుగు ప్రయాణంలో నా బండి మీద మామిడికాయల సంచీతో పాటు, పాప ఒళ్ళో ఇంకో సంచీ కూడా ఉంది. అది కదులుతోంది.

"యాడనుంచి తెచ్చినారు దీన్ని? పొద్దుగూకే లోపల ఆడనే ఇడిసిపెట్టి రాండి" అంది అమ్మ, వసారా మెట్టు మీదనే నిలబడి.

"ఒక్క రాత్రే అవ్వా" అంది మా పాప. తొమ్మిదేళ్ళది. ఒక్క రాత్రి అన్న మాటకు ఎంత సాగే గుణముందో దానికి అప్పటికే తెలుసు.

ఆ ఒక్క రాత్రీ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. తల్లినీ తోబుట్టువులనూ విడిచివచ్చిన రెండు నెలల ప్రాణి, వసారాలో అట్టపెట్టెలో పడుకుని తెల్లవార్లూ ఏడ్చింది. టిక్కుటిక్కుమనే గడియారాన్ని పాతబట్టలో చుట్టి పక్కన పెడితే తల్లి గుండెచప్పుడనుకుని పడుకుంటుందని ఎక్కడో చదివి ఉన్నాను. పెట్టాను. అది గడియారాన్ని బట్టలోంచి బయటికి లాగి, దానితో కాసేపు ఆడుకుని, మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది. అమ్మ తన గది తలుపు గడియ వేసుకుంది.

పాప దానికి కర్రోడు అని పేరు పెట్టింది. వారం తిరిగేసరికి ఇంటి కాలపట్టిక అంతా కర్రోడి చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఐదు గంటలకు వాడు లేస్తే ఇల్లంతా లేవాలి. మా చెప్పులు జతలుగా ఉండటం మానేశాయి. ఎండబెట్టిన చెనక్కాయల మీద దొర్లడం, పొద్దున పేపరును మాకంటే ముందు చదవడం, తన తోకను తానే తరిమి కళ్ళు తిరిగి పడటం వాడి నిత్యకృత్యాలు. ఇంత చేసి, ఉన్నట్టుండి ఎక్కడివాడక్కడ నిద్రపోయేవాడు. ఆ ఈడు పిల్లలు రోజుకు పద్దెనిమిది గంటలు నిద్రపోతాయట. మిగిలిన ఆరు గంటల్లోనే ఇంత ఘనకార్యమన్నమాట!

వాడికి అందరికంటే ఇష్టమైనది మా అమ్మ చీరకుచ్చెళ్ళు. అమ్మ వసారాలోకి వస్తే చాలు, వెనకాలే పరుగు. ఆమె చేతిలో కర్ర పట్టుకుని, కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకుని కూర్చునేది. చూసి మేము నవ్వేవాళ్ళం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంటుంది.

కుక్కపిల్లకు ఇరవై ఎనిమిది పాలపళ్ళుంటాయి. మూడో నెల నుంచి ఆరో నెల లోపల అవి ఊడి, నలభై రెండు గట్టిపళ్ళు వస్తాయి. సూదుల్లాంటి ఆ పాలపళ్ళతో అది ప్రపంచాన్నంతా కొరికి తెలుసుకుంటుంది. వచ్చిన మూడు వారాలకు, ఒక ఆదివారం, రిబ్బను కోసం పాపకూ కర్రోడికీ పెనుగులాట జరిగింది. పన్ను పాప చూపుడువేలిలో దిగి రెండు చుక్కల రక్తం కనబడింది. పాప నవ్వుతూనే ఉంది. "చిన్నపిల్ల గదా, దానికేం రోగముంటుంది" అన్నాను నేను, పేపరులోంచి తల ఎత్తకుండా.

అమ్మ ఎప్పుడు లేచిందో తెలియదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, పాప మణికట్టు పట్టుకుని పెరట్లో కొళాయి దగ్గరికి ఈడ్చుకుపోయింది. సబ్బు రుద్దడం, ధార కింద పెట్టడం, మళ్ళీ రుద్దడం. పాప ఏడ్చినా వదలలేదు. "చాల్లేమ్మా" అని నేను వెళితే, నా వైపు చూడకుండా అంది:

"మా తమ్మునికి కడిగినోళ్ళు లేరు."

అమ్మకొక తమ్ముడున్నాడని నేను వినడం అదే మొదలు.

1959లో, పుత్తూరు దగ్గర పల్లెలో, వాడికి ఆరేళ్ళు, అమ్మకు తొమ్మిది. వీధిలో తిరిగే ఒక కుక్కపిల్లకు తన వాటా సంగటి పెట్టేవాడట. ఒకరోజు అది చేయి కరిచింది. పసుపూ మిరప్పొడీ అద్దారు, ఎవరో ఆకుపసరు పోశారు. నాలుగు రోజులకు ఆ పిల్ల చచ్చిపోయింది. వీధికుక్క చావుకూ పిల్లవాడి గాయానికీ సంబంధముందని ఎవరికీ తోచలేదు. నెలన్నరకు జ్వరం వచ్చింది. దాహమన్నాడు. చెంబుతో నీళ్ళు తీసుకువెళ్ళింది మా అమ్మే. ఆ చెంబును చూసి వాడు కేకలు పెట్టాడట.

అమ్మ ఇంతవరకే చెప్పింది.

పాశ్చర్ టీకా మనిషికి మొదటిసారి పడింది 1885లో. కూనూరులో పాశ్చర్ సంస్థ వెలసింది 1907లో. అంటే మందు అప్పటికే ఉంది. గొర్రెమెదడు నుంచి తయారుచేసి, బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున పొడిచే ఆ సూదులంటే జనానికి హడలు. మన దేశంలో ఆ పాత టీకా తయారీ 2004 చివరిదాకా సాగింది. మందు ఉండటం వేరు, ఒక పల్లెలో ఆరేళ్ళ పిల్లవాడి దాకా అది రావడం వేరు.

ఆ సాయంత్రమే తిరుపతి రుయా ఆసుపత్రికి వెళ్ళాము. గాయంలో ఇమ్యూనోగ్లోబ్యులిన్, రెండు భుజాలకూ టీకా. తరువాత మూడు, ఏడు, ఇరవై ఎనిమిది రోజులకు మళ్ళీ రమ్మన్నారు. సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగడమే మొదటి వైద్యమని డాక్టరు చెబితే, అమ్మ అంతకంటే ఎక్కువసేపే కడిగిందని గుర్తుకొచ్చింది.

మరునాడు కర్రోడిని పశువైద్య కళాశాలకు తీసుకువెళ్ళాను. 1955 నుంచీ తిరుపతిలో ఉన్న కళాశాల అది. మూడు వారాలుగా రేపు రేపు అని నేను వాయిదా వేసిన పని. చిన్నపిల్ల అయినంత మాత్రాన రేబిస్ రాకూడదని లేదట. పది రోజులు కట్టేసి గమనించమన్నారు. వ్యాధి ఉన్న కుక్క లాలాజలంలో, లక్షణాలు బయటపడే కొద్దిరోజుల ముందునుంచే ఆ క్రిమి ఉంటుంది. కాబట్టి కరిచిన పది రోజులకూ కుక్క ఆరోగ్యంగా ఉంటే, ఆ కాటుతో భయం లేదు. అయితే ఆ పది రోజులూ చూద్దామని మనిషికి టీకా ఆపకూడదు.

పదిరోజులు గమనించాలన్న మాట అమ్మ చెవిన పడింది. మరునాడు ఉదయం చూద్దును గదా, కర్రోడి ముందు స్టీలు గిన్నె నిండా నీళ్ళు, ఎదురుగా కుర్చీలో అమ్మ. వాడు నీళ్ళు తాగేదాకా కదల్లేదు. మధ్యాహ్నం మళ్ళీ, సందేళ మళ్ళీ. తాగిన ప్రతిసారీ, ఎవరికీ వినబడదనుకుని, "తాగినాడు" అనుకునేది.

నాకు తెలిసిన ఒక సంగతి ఆమెకు చెప్పలేదు. నీళ్ళను చూసి భయపడటం మనిషిలో కనిపించే లక్షణం. కుక్కలో అట్లా ఉండదు. గొంతు పడిపోయి మింగలేకపోవచ్చు గాని, నీళ్ళను చూసి పారిపోదు. చూడవలసినవి వేరు: మందకొడితనమో మొండి కోపమో, జారిన దవడ, చొంగ, తూలే నడక. అవి నేను చూసుకుంటున్నాను. ఆమె గిన్నెను ఆమెకు వదిలేశాను.

పదో రోజు గడిచింది. కర్రోడు గొలుసును కూడా కొరికి రుచి చూసి, నిక్షేపంగా ఉన్నాడు. మూడు నెలలు నిండగానే వాడికీ రేబిస్ టీకా వేయించాను. ఏడాదికోసారి వేయించే తేదీ ఇప్పుడు మా గోడ క్యాలెండరులో ఉంటుంది, గుండ్రంగా చుట్టి.

పదకొండో రోజు ఉదయం కూడా అమ్మ గిన్నె నింపి ఎదురుగా కూర్చుంది.

"పది రోజులు అయిపోయినాయి గదమ్మా" అన్నాను.

"తెలుసులే. తాగనీ" అంది.

ఆ వేళ కాళ్ళు కుర్చీ మీద లేవు. కింద ఉన్నాయి. కర్రోడు నీళ్ళు తాగి, తడిమూతి తెచ్చి ఆమె పాదానికి తుడుచుకున్నాడు. అమ్మ కాలు వెనక్కు తీసుకోలేదు.