తలుపు దగ్గరి మనిషి

ఇది కొంచెం పొడవైన పోస్టు. నా విద్యార్థులు మాత్రం చివరిదాకా చదవాలి.

మా మేనమామ పోయి నెల దాటింది. ఎయిర్‌ఫోర్స్‌లో హెలికాప్టర్ల మీద ఫ్లైట్ గన్నర్‌గా పనిచేసి రిటైరై, నందికొట్కూరు మాదిగపేటలో ఇల్లు కట్టుకున్నాడు. మాకు తెలిసింది సెలవుల్లో వచ్చే మామ. ఇనప ట్రంకు పెట్టె, క్యాంటీన్ సబ్బులు, ఎక్కువ మాట్లాడని మనిషి. అక్కడ చేసే పనేమిటో ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

జ్ఞాపకార్థ కూడికకు ముగ్గురు పాత సహచరులు వచ్చారు. పాలక్కాడ్ నుంచి ఒకాయన, కటక్ నుంచి ఒకాయన, మన ఆదోని నుంచి ఒకాయన. ప్రార్థన, భోజనాలు అయ్యాక వేపచెట్టు కింద కుర్చీలేసుకుని కూర్చున్నారు. వాళ్లు మామను 'కర్నూల్' అని పిలిచేవాళ్లట. ఇరవై ఏళ్లకు పైగా అదే ఆయన పేరు.

ఆయన పనేమిటో వాళ్లే చెప్పారు. మి-17లో ముందు ఇద్దరు పైలట్లు, వాళ్ల మధ్య ఫ్లైట్ ఇంజనీరు, వెనక తలుపు దగ్గర గన్నర్. పైలట్లు ఆఫీసర్లు. మిగతావాళ్లు కారు. మెస్సు వేరు, క్వార్టర్లు వేరు. గాల్లోకి లేస్తే మాత్రం అందరి ప్రాణం ఒకటే. కొండ అంచున దిగేటప్పుడు పైలట్‌కు వెనక ఏముందో కనపడదు. తలుపులోంచి తల బయటపెట్టి, తోకకు రాయి ఎంత దూరంలో ఉంది, చక్రం నేలకు ఎన్నడుగులుంది అని చెప్పేది ఈ మనిషే. "కర్నూల్ రెండడుగులంటే రెండడుగులే. పైలట్లు వాడి గొంతు నమ్మి దించేవాళ్లు" అన్నాడు పాలక్కాడ్ ఆయన.

అప్పుడు మా అత్త లోపల్నుంచి ఒక పాత జేబు డైరీ తెచ్చింది. అందులో నాలుగు పేర్లు. పుండీర్, ముహిలన్, ప్రసాద్, సాహు. "మీ మామకు బాకీ ఉండేటోళ్లనుకుంటి అబ్బీ. ఎన్నడూ వసూలు చేసుకోకపాయనే అని తిట్టుకుంటి" అంది. కటక్ ఆయన డైరీ చేతిలోకి తీసుకుని చాలాసేపు మాట్లాడలేదు.

1999 మే 28. కార్గిల్ యుద్ధం. ద్రాస్ దగ్గర తోలోలింగ్ కొండల మీద దాడికి రాకెట్లు కట్టుకుని మి-17లు వెళ్లాయి. వేడిని వెతుక్కుంటూ వచ్చే క్షిపణిని దారి తప్పించడానికి మంటలు వదిలే ఏర్పాటొకటి ఉంటుంది. వాటిలో ఒక హెలికాప్టర్‌కు అది లేదు. భుజం మీద పెట్టి పేల్చే స్టింగర్ క్షిపణులకు అదే దొరికింది. స్క్వాడ్రన్ లీడర్ రాజీవ్ పుండీర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ఎస్. ముహిలన్, సార్జెంట్ పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్, సార్జెంట్ రాజ్‌కిశోర్ సాహు, నలుగురూ పోయారు. ప్రసాద్ మన తెలుగువాడు. ఆ తర్వాత మి-17లను ఆ దాడుల నుంచి తప్పించారు. అంటే ఆ నలుగురి ప్రాణాలతో మామ లాంటి ఎంతోమంది బతికారు. బాకీ ఉన్నది వాళ్లు కాదు, మామ.

వాళ్ల యూనిట్ ఉండే సర్సావాలో ఆ నలుగురి జ్ఞాపకంగా వరుసలో ఒక హెలికాప్టర్ జాగా ఖాళీ వదిలి ఎగురుతారు. 2019లో, ఇరవై ఏళ్లయినప్పుడు, అప్పటి వాయుసేనాధిపతి ధనోవా స్వయంగా అలా ఎగిరాడు. మా ఊళ్లో మే 28 అంటే ఎన్టీఆర్ జయంతి, వీధి చివర మైకులు. ఆ రోజు మామ పొద్దున ఎందుకు అన్నం ముట్టడో మాకిప్పుడు తెలిసింది.

ఇంకొకటి గుర్తొచ్చింది. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో తప్పిపోయింది. అప్పటికి మామ రిటైరై ఇక్కడే ఉన్నాడు. ఆకాశంలో శబ్దం వస్తే చాలు, అది ఏ రకమో చెప్పేవాడు. మరునాడు పావురాలగుట్ట మీద శకలాలు కనపడ్డాయి. ఊరంతా ఏడుస్తుంటే మామ అరుగు మీద కూర్చుని, "పోయింది ఐదుగురు గదా, తక్కిన నలుగురి పేర్లు చెప్పండిరా" అన్నాడు. ఎవరికీ తెలియదు. ఆయనే పేపరు చూసి చదివాడు. పైలట్ ఎస్.కె. భాటియా, కోపైలట్ ఎం.ఎస్. రెడ్డి, అధికారి పి. సుబ్రహ్మణ్యం, భద్రతాధికారి ఏ.ఎస్.సి. వెస్లీ. చాదస్తం అనుకున్నాను నేను. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేస్తున్నవాణ్ని, ఒక పేరు దగ్గరే చరిత్ర ఎందుకు ఆగిపోతుందో ఆయన అడిగితే అర్థం కాలేదు.

లేవబోతూ పాలక్కాడ్ ఆయన నన్నొక మాట అడిగాడు. "పెన్షన్ బాగానే వచ్చేది కదా, ఊరికి ఈ చివర ఎందుకు కట్టుకున్నాడు?"

చెప్పాను. రిటైరై వచ్చిన కొత్తలో బజారులో బాడుగ ఇల్లు అడిగితే యజమాని "మీరేమోళ్లు?" అన్నాడు. మామ చెప్పాడు. ఇల్లు లేదన్నాడు. మూడు వీధుల్లో అదే ప్రశ్న, అదే జవాబు. చివరికి తాత జాగాలోనే కట్టుకున్నాడు.

ఆయన మళ్లీ కూర్చున్నాడు. "ఒకే గుడారంలో పడుకున్నాం. ఒక్కరోజూ చెప్పలేదు" అన్నాడు. ఆదోని ఆయన తల దించుకుని, "నాకు తెలుసు. నేనూ చెప్పలేదు" అన్నాడు.

బాబాసాహెబ్ తండ్రి రాంజీ సుబేదార్. ఆ సైన్యమే 1892లో మహర్లను తీసుకోవడం ఆపేసింది. మహర్ రెజిమెంట్ రావడానికి 1941 దాకా పట్టింది. వాయుసేనలో కుల రెజిమెంట్లు లేవు. అక్కడ మామకు ఊరి పేరు దొరికింది, ఊళ్లో కులం పేరు మిగిలింది. ఆ స్నేహితుల ప్రేమను నేను శంకించను. కానీ మామ వాళ్లతో నవ్విన నవ్వు వెనక ఎంత దాచుకున్నాడో వాళ్లకు తెలియదు, అక్కడ ఎంత గౌరవంగా బతికాడో మాకు తెలియదు. మనిషి మొత్తంగా ఎవరికీ దొరకలేదు. ఆ సాయంత్రం మాత్రం రెండు సగాలూ ఒక చెట్టు కింద చేరాయి. అప్పటికి ఆయన లేడు.

మీ పేటలో కూడా ట్రంకు పెట్టెతో తిరిగొచ్చినవాళ్లుంటారు. మిలటరీ, రైల్వే, గని, ఏదైనా కానీ. ఈ సెలవుల్లో వెళ్లి పక్కన కూర్చోండి. ఏం పని చేశావు తాతా అని అడగండి, రాసుకోండి. వాళ్లు పోయాక అడిగితే నాలాగే సగమే దొరుకుతుంది.

ఆ డైరీలో నాలుగు పేర్ల కింద మా అత్త ఐదో పేరు రాయించింది నాతో. 'కర్నూల్' అని కాదు, ఆయన పూర్తి పేరు.

జై భీమ్.