ఒక రాత్రి మజిలీ

ప్రయాణము చేయువారికి పగటివేళ చిక్కులు అనేకము. రాత్రివేళ చిక్కు ఒక్కటే: ఎక్కడ పరుండవలెను? సత్రమో లాడ్జియో ఉన్నచోట ఈ ప్రశ్న డబ్బుతో తీరిపోవును. అవి లేనిచోట నేల సంగతి తెలిసియుండవలెను. ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగు, గండికోటల మీదుగా పులివెందుల వైపు పోయి వచ్చిన రెండు దినముల విహారయాత్రలో, మా తరగతి విద్యార్థులము పదునెనిమిదిమందికి ఆ సంగతి ఎంత తక్కువ తెలియునో తెలిసివచ్చినది.

ఆరుబయట ఒక రాత్రి గడపవలెననుట మా కోరికయే గాని అధ్యాపకులది కాదు. మా సీమను కరవుసీమ అని అందరు వ్రాయుదురు. కొందరు ఒక అడుగు ముందుకు వేసి ఎడారి అని కూడ వ్రాయుదురు. నిజమైన ఇసుక దిబ్బలు చూడవలెనన్న పొరుగున అనంతపురం జిల్లాలోని దర్గాహొన్నూరుకు పోవలెను. హగరి అని పిలువబడు వేదవతి నది ఇసుకను గాలి మోసుకొనివచ్చి అక్కడి పొలములను కప్పివేయుచున్నది. మాది ఆ తరహా ఎడారి కాదు. రాయి, రేగడి, ముళ్లకంప, ఎండిన వంక, ఇవే మా ఎడారి. ఇక అసలు ఎడారి మాటకు వచ్చినచో, మాలో చాలమంది ఇండ్లనుండి తండ్రియో మేనమామయో కువైటు పోయి పనిచేసినవారే. కనుక “ఎడారిలో ఒక రాత్రి” అను మాట మాలో పుట్టుటకు ఎక్కువసేపు పట్టలేదు. ప్రిన్సిపాలుగారు ఒక్క షరతు మీద అనుమతి ఇచ్చినారు: పడక స్థలమును అధ్యాపకులు నిర్ణయింపవలెను. ఆ షరతును మేము అంతగా పట్టించుకొనలేదు.

నవంబరు మొదటివారములో ఒక సాయంకాలము నాలుగు గంటలకు గండికోట చేరినాము. నందికొండలలో పుట్టిన పెన్న ఇక్కడ ఎర్రమల కొండలను నిలువునా కోసుకొని పోవును. లోయ అంచున నిలిచి క్రిందికి చూచినప్పుడు మాలో ధైర్యవంతులు కూడ ఒక అడుగు వెనుకకు వేసినారు. మాధవరాయ ఆలయము, ధాన్యాగారము, జామియా మసీదు దగ్గర దగ్గరగా ఉన్నవి. పెమ్మసాని నాయకుల చేతిలోని ఈ కోటను 1650 ప్రాంతమున గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గెలిచినాడు. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే రత్నములు చూపుటకు అతనిని వెదకుకొనుచు ఇంత దూరము వచ్చినాడు. అంతటి వర్తకుడు వచ్చిన చోట మనము ఒక రాత్రి ఉండరాదా, మసీదు ముంగిట పడుకొందము అని మేము అడిగినాము. ఇవి పురావస్తుశాఖ కాపాడుచున్న కట్టడములు, రాత్రి బసకు వీలులేదని ఉర్దూ సారుగారు చెప్పినారు. లోయ అంచున బాడుగకు ఇచ్చు గుడారములు కలవు గాని, వాటి బాడుగ విని మా కోశాధికారి ముఖము వాడిపోయినది.

తిరిగి జమ్మలమడుగు వచ్చునప్పటికి చీకటి పడినది. పెన్న ఇసుకలో పడుకొందమన్నది మా రెండవ కోరిక. తెలుగు సారుగారు దానిని ఒక్క మాటతో త్రోసివేసినారు. ఎగువన మైలవరము జలాశయము, దానికి ఎగువన 26.85 టి.ఎం.సి. నీరు పట్టు గండికోట జలాశయము. తుపాను నెలలో గేట్లు ఎప్పుడు ఎత్తుదురో మనకు వచ్చి చెప్పరు. ఆనకట్టను కన్నులారా చూచి వచ్చినవారము గనుక మేము ఎదురుచెప్పలేదు.

అప్పుడు మా వ్యాను నడుపుచున్న చాచా నోరు విప్పినాడు. ముద్దనూరు దాటి తొండూరు వైపు పోవు దారిలో అతని పాత స్నేహితునికి చీనీతోట ఉన్నది, బోరునీరు ఉన్నది, దాని వెనుక బండమిట్ట ఉన్నది, అక్కడికి పోదమన్నాడు. చాచా ఏడేండ్లు కువైటు ఎడారిలో గొర్రెలు కాచి వచ్చినవాడు. గుడారము వేయవలసినప్పుడు అక్కడివారు మొదట నేలను, తరువాత గాలిని, ఆ తరువాతనే మనిషి సుఖమును చూతురట. వెళ్లిన క్రొత్తలో మెత్తగా ఉన్నదని అతడు పల్లపు ఇసుకలో పడుకొనగా, ముసలి కాపరి ఒకడు కాలితో తన్ని లేపినాడట. “తన్నినందుకు ఆ పొద్దు ఏడిసినా. తర్వాత ఆయప్పకే సలాం కొట్టినా,” అన్నాడు చాచా.

వ్యానులో మా గురువులిద్దరికి ఇదే ప్రసంగము సాగినది. 1830లో చెన్నపట్నము నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఈ కడప సీమ మీదుగానే పోయినారు. దిగిన ఊరిలో నీరు ఉన్నదా, అంగళ్లు ఉన్నవా, దిగుటకు తగిన చోటు ఉన్నదా అని ఆయన వ్రాసిపెట్టుకొన్న శ్రద్ధను తెలుగు సారుగారు వర్ణించినారు. మజిలీ అను మాట మన ‘మంజిల్’ నుండియే వచ్చినది గదా అని ఉర్దూ సారుగారు నవ్వినారు. ఆపైన సహీహ్ ముస్లింలోని ఒక హదీసును జ్ఞాపకము చేసినారు. రాత్రి మజిలీ చేయునప్పుడు దారి మీద దిగరాదనియు, రాత్రివేళ జంతువులు, పురుగు పుట్ర సంచరించునది అక్కడనే అనియు దాని భావము. మేము సగము విన్నాము, సగము నిద్రపోయినాము.

తోట చేరునప్పటికి ఎనిమిదిన్నర. తోట యజమాని వృద్ధుడు. లాంతరు వంటి పెద్ద టార్చి పట్టుకొని ఎదురువచ్చినాడు. చెట్ల నడుమ పడుకొందుమంటే ఒప్పుకొనలేదు. “డ్రిప్పు పైపుల కాడ తడికి ఎలకలొస్తాయి, ఎలకల ఎనక పాములొస్తాయి నాయనా,” అన్నాడు. ప్రక్కన ఉన్న బీడు నల్లరేగడి. ఎండకు బీటలు వారిన రేగడిలో చేయి పట్టునంత పగుళ్లు ఉండును; తేళ్లకు అవి ఇండ్లు. వాన పడినచో అదే రేగడి చెప్పులను ఊడబెరుకును, వ్యానును కదలనీయదు. ఇక మిగిలినవి రెండే స్థలములు. ఎగువన బండమిట్ట: కడప బండ వంటి పలకరాయి, పగటి ఎండను దాచుకొని ఇంకను వెచ్చగా ఉన్నది, దుప్పటి పరచినను మొనలు గ్రుచ్చుకొనును. దిగువన వంక: నక్షత్రముల వెలుగులో పిండి ఆరబోసినట్లు తెల్లని ఇసుక, చల్లగా, మెత్తగా, ఒక్క చుక్క నీరు లేక.

మేము దుప్పట్లతో వంకలోకి దిగినాము. చాచా మిట్ట మీదనుండి పిలిచినాడు. దిగినవారము దిగినట్లే ఉండిపోయినాము. ఇక్కడ ఆనకట్ట లేదు, గేట్లు లేవు, ఆకాశమున మబ్బు లేదు, మరి భయమేల అన్నది మా వాదము. ఉర్దూ సారుగారు చెప్పిన హదీసును కూడ మాకు అనుకూలముగా త్రిప్పుకొన్నాము: దారి మీద పడుకొనరాదన్నారు, ఇది దారి కాదు గదా! చాచా గట్టు అంచుకు వచ్చి, “ఇది నీళ్ల దారి గదా బేటా,” అన్నాడు. మాకు నవ్వు వచ్చినది. కదిరి దిక్కున దిగంతమున చిన్న చిన్న మెరుపులు కనబడుచున్నవి గాని ఉరుము వినబడలేదు. అంత దూరపు వాన మనకేమి అనుకొన్నాము. గట్టినేల మీద పడిన వాన ఇంకదనియు, పది వాగులు కూడుకొని, చుక్క పడని ఊరికి కూడ వచ్చిపడుననియు తెలుగు సారుగారు వివరించినారు. మేము చేతులెత్తి ఓట్లు తీసుకొన్నాము. ఇసుకకు పదునాలుగు ఓట్లు వచ్చినవి.

చేయి ఎత్తనివారిలో ఒకడు వంకలోకి దిగనేలేదు. అతడు మా తరగతిలో చేరి ఒక ఏడాది అయినది, మితభాషి. మేము అతనిని ‘మౌనస్వామి’ అని ఎగతాళి చేయుదుము. ఆ రాత్రి కూడ చేసినాము. నీళ్లు వస్తే లేచి ఉరుకుదము, నీకేమి భయమని మాలో ఒకడు అన్నాడు. అప్పుడు అతడు మాటాడినాడు.

“ఉరకలేరు. సప్పుడు ఇనపడినాక నీళ్లు వస్తాయనుకుంటారు. రెండూ ఒకటేసారి వస్తాయి.”

కొంతసేపు ఆగి, “మాది చెయ్యేటి గట్టు. మా అవ్వ మూడోనాడు దొరికింది,” అన్నాడు.

2021 నవంబరు 19 తెల్లవారుజామున, అప్పటి కడప జిల్లాలో, రాజంపేటకు సమీపమున చెయ్యేటి మీది అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగిపోయినది. ఎగువన పింఛా జలాశయపు కట్ట అంతకు ముందే తెగినది. పులపత్తూరు, మందపల్లి మొదలగు గ్రామముల మీదికి నీరు వచ్చిపడినది. పలువురు ప్రాణములు కోల్పోయినారు. నందలూరు వద్ద వరదలో చిక్కిన ఆర్టీసీ బస్సుల పైకప్పుల నెక్కి ప్రయాణికులు కేకలు వేసిన దృశ్యములను మేమందరము అప్పుడు చూచినాము. ఆ దినములలోనే కమలాపురము వద్ద పాపాఘ్ని వంతెన కూలినది. ఇవన్నియు మాకు తెలియును. తేదీలు కూడ తెలియును. ఆ వరదకు ఇల్లు పోయి ప్రొద్దుటూరికి చేరిన కుటుంబములోని పిల్లవాడు ఏడాదిగా మా బెంచీ మీదనే కూర్చుండెనని మాత్రము మాకు తెలియదు. మేము అడుగలేదు.

ఎవరును చెప్పకయే దుప్పట్లు చుట్టుకొని పైకి వచ్చినాము. ఎగతాళి చేసినవాడు అతని దుప్పటిని కూడ తానే మోసినాడు. క్షమాపణ అను మాట ఎవరి నోటను రాలేదు. రావలసియుండినది.

బండమిట్ట మీద పడక వేయుట కూడ ఒక విద్య. చాచా కంపకొమ్మతో బండనంతయు ఊడ్చినాడు. అరచేతికంటె పెద్దదైన ప్రతి రాయిని కాలితో తిరుగవేసి టార్చి వేసి చూచినాడు. రెండింటి క్రింద తేళ్లు ఉండినవి. చెప్పులు తలక్రింద పెట్టుకొనుడు, తెల్లవారి దులపక తొడుగవద్దని ఆజ్ఞ ఇచ్చినాడు. గాలి వచ్చు దిక్కున వ్యానును అడ్డము నిలిపినాడు. బోరునీటితో వుజూ చేసి, కొందరము ఇషా నమాజుకు నిలిచినాము. నీరు త్రాగుటకే చాలని చోట శుభ్రమైన మట్టితో తయమ్ముమ్ చేసికొనవచ్చునని చదివినవారమే గాని, ఆ అవసరము ఇక్కడ రాలేదు. ఖిబ్లాకు ధ్రువనక్షత్రమే మాకు ఆధారము. కువైటులో మక్కా నైరృతి దిక్కున ఉండును, ఇక్కడ పడమటికి, కొంచెము ఉత్తరముగా. తిరిగివచ్చిన క్రొత్తలో అలవాటు తప్పక తన ఇంటిలోనే వేరు దిక్కునకు నిలిచినానని చాచా చెప్పగా అందరము నవ్వినాము. మా మితభాషి కూడ నవ్వినాడు.

తోట తాత జొన్నరొట్టెలు, వేరుసెనగ చట్నీ పంపించినాడు. దాని రుచిని వర్ణించుటకు ఈ సంచికలో స్థలము చాలదు.

నిద్ర మాత్రము సరిగా రాలేదు. అర్ధరాత్రి వరకు బండ వేడిగా ఉండి వీపు కాల్చినది. ఆ తరువాత చలి మొదలైనది. కదిరి దిక్కు మెరుపులు ఒంటిగంట వరకు కనబడినవి. మేము పలుమార్లు లేచి అంచుకు పోయి వంకను చూచినాము. తెల్లని ఇసుక అట్లే ఉండినది. నాలుగు గంటలకు మరల చూచినాము. అట్లే ఉండినది.

ఆ రాత్రి నీరు రాలేదు. తెల్లవారి చూడగా వంకలో మా అడుగుల గుర్తులే గాక, రాత్రి నడచిపోయిన అడవిపందుల గిట్టల గుర్తులును ఉండినవి. “చూచితిరా, ఏమియు కాలేదు,” అని ఒకడు అనబోయి మధ్యలో ఆపివేసినాడు.

ఏడు గంటలకు పులివెందులకు బయలుదేరవలెను. ఇంకను అరగంట ఉన్నది. మాలో నలుగురు అనుమతి తీసుకొని పట్టపగలు వంకలోకి దిగి, ఆ ఇసుకలో వెల్లకిల పడుకొన్నారు. నిజముగనే అది మెత్తగా, చల్లగా ఉండినదట. మా చెయ్యేటి మిత్రుడు గట్టు దిగలేదు. ఆ నలుగురి చెప్పులను చేతపట్టుకొని, కదిరి దిక్కునకు చూచుచు, వారు పైకి వచ్చువరకు అక్కడనే నిలుచుండెను.