నర్సీపట్నంలో సంక్రాంతి మామిడిపండు

తాళ్ళపాలెం దగ్గర పెద్దరోడ్డు విడిచి, మాకవరపాలెం మీదుగా బస్సు నర్సీపట్నం చేరేసరికి తెల్లవారింది. మన్యానికి వాకిలి యీ వూరు. పడమటి కొండలెక్కితే చింతపల్లి; ఆ దారిలోనే లంబసింగి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడిచేసింది యీ కొండల్లోనే.

మా అక్కయ్యది యీ వూరే. మేనల్లుడు వుద్యోగరీత్యా దూరదేశంలో వున్నాడు. సెలవు దొరికేది సంక్రాంతికే. వాడికేమో మామిడిపండంటే ప్రాణం. సువర్ణరేఖ పండేది మే నెలలో! తాండ్ర పోసి దాచవచ్చు గాని, తాండ్ర తాండ్రే, పండు పండే.

అందుకని అక్కయ్య యేటా ముగ్గిన పండ్లు చెక్కుతీసి, ముక్కలు కోసి, ఒకదానికొకటి తగలకుండా పళ్ళెంలో పరచి, ఫ్రిజ్ పై అరలో పెడుతుంది. గట్టిపడ్డాక డబ్బాల కెత్తుతుంది.

"కుప్పగా పోసేస్తే పోదా, అక్కయ్యా?" అన్నాను.

"ముద్దయిపోతుందిరా, తమ్ముడూ!" అంది.

నిజమే. చలి నెమ్మదిగా పడితే పండులోని నీరు పెద్ద పలుకులుగా గడ్డకట్టి కండను చీలుస్తుంది. త్వరగా పడితే పలుకులు సన్నం. పండు బిగువు కొంత నిలుస్తుంది. 1910 దశకంలో లాబ్రడార్ మంచుసీమలో చేపలు క్షణాల్లో గడ్డకట్టడం చూసి, క్లారెన్స్ బర్డ్స్ఐ అనే అమెరికన్ యీ కిటుకునే పెద్ద వ్యాపారం చేశాడు.

సీతాఫలాల కాలంలో గుజ్జు కూడా యిలాగే దాస్తుంది. దాన్ని వుడికిస్తే చేదెక్కుతుంది మరి. చలే దానికి శరణ్యం.

అయితే చలి క్రిములను చంపదు, నిద్రపుచ్చుతుంది. ఆ సంగతి 2014 అక్టోబరులో తెలిసింది. హుద్‌హుద్ తుఫానుకు కరెంటు పోయి, రోజుల తరబడి రాలేదు. వచ్చాక డబ్బాలన్నీ మళ్ళీ రాళ్ళలా గడ్డకట్టాయి. చూపుకు యే తేడా లేదు. మధ్యలో యెన్నాళ్ళు కరిగి వున్నాయో! కళ్ళు తుడుచుకుంటూ అన్నీ పారబోసింది. ఆ పండక్కి మేనల్లుడు వచ్చాడు, పండు లేదు.

అప్పటినుంచీ ఒక గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి, పైన రూపాయిబిళ్ళ వుంచుతోంది. బిళ్ళ అడుక్కు దిగిందా, మంచు కరిగి మళ్ళీ కట్టిందన్నమాట!

యీసారి భోగి ముందురోజు మేనల్లుడూ, నేనూ చీకటితోనే లంబసింగి వెళ్ళాం. సుమారు ముప్ఫై కిలోమీటర్ల దూరం. గడ్డిమీద తెల్లని మంచు. నెగళ్ళ చుట్టూ జనం. "మామయ్యా, మా అమ్మ ఫ్రిజ్‌లోకి వచ్చినట్టుందే!" అన్నాడు వణుకుతూ.

యింటికి తిరిగివచ్చేసరికి అక్కయ్య గిన్నె పట్టుకొని గుమ్మంలో నిలబడి వుంది. ఆమధ్య గాలివానకు ఒక రాత్రంతా కరెంటు పోయిందట. మాట్లాడకుండా గిన్నె ముందుకు చాచింది.

బిళ్ళ పైనే వుంది.

ముక్కలు కాస్త మెత్తబడ్డాయి, నిజమే. మేనల్లుడు మొదటిముక్క నోట్లో వేసుకొని కళ్ళు మూసుకున్నాడు. అక్కయ్య మాత్రం తినలేదు. "నాకు వేసవిలో వుంటాయిగా!" అంది.